అందరూ శ్రీను వైపే ఎందుకొస్తున్నారు

అవనిగడ్డ నుంచి బందరు వెళ్తున్న కారు. నడుపుతున్నది ఆదిత్య, బందరు ఫుట్‌బాల్ టీములో ఆటగాడు. పక్క సీట్లో అతని తండ్రి గోవర్ధనరావు, ఆ టీముకి ప్రెసిడెంటు. వెనక సీట్లో బంతుల సంచి ఒళ్లో పెట్టుకుని కోచ్ ప్రభాకర్ మాస్టారు. సెమీఫైనల్ గెలిచి గంట కూడా కాలేదు. మాస్టారికి మాత్రం దారిలో ఎక్కడైనా దిగిపోతే బాగుండునని ఉంది.

“...అందుకని ఆనందరావుని తీసేయండి మాస్టారూ.”

“ఎవర్నండీ?”

“ఆనందరావుని. ఎడం వైపు నిలబడతాడే, ఆయన్ని. నిలబడ్డమే ఆయన పని.”

“ప్రెసిడెంట్ గారూ, ఆయన మన టీములో...”

“మ్యాచంతా నడుం మీద చేతులేసుకుని ఉన్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. మధ్యలో ఒకసారి సాక్సు కూడా సర్దుకున్నాడు.”

“జారింది గాబోలండీ.”

“ఆదివారం గుడివాడ మీద ఫైనల్ పెట్టుకుని, సాక్సు సర్దుకునేవాణ్ణి దించుతామా? ఇదిగో ఈ మిషను చూడండి. నొక్కితే ఒకటి పడుద్ది.”

“మన ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మలు లెక్కెట్టేది కదండీ అది.”

“దిమ్మలైనా ట్యాకిల్సైనా లెక్క లెక్కే. ఇవాళ అవతలోళ్ల కాళ్ల దగ్గర్నుంచి శ్రీను ఎన్నిసార్లు బంతి లాగేశాడో తెలుసా? ఇరవై రెండు సార్లు. నొక్కీ నొక్కీ బొటనవేలు నొప్పెట్టింది నాకు. ఆనందరావు ఒక్కటి. అది కూడా అవతలోడు తనంతట తనే జారిపడితే, పోన్లే పాపం అని నేనే నొక్కాను.”

“శ్రీను బాగా ఆడాడండీ. అందులో ఏం లేదు.”

“బాగా ఏంటి మాస్టారూ. కుడి వైపు మొత్తం వాడే. ఒకణ్ణి ఆపితే ఇంకోడు, వాణ్ణి ఆపితే ఇంకోడు. అవనిగడ్డ వాళ్లు వాడి దగ్గరికి క్యూ కట్టి వచ్చారు. అవునారా ఆదిత్యా?”

“అవును నాన్నా.”

“నువ్వు రోడ్డు చూసి నడుపు. అందుకని మాస్టారూ, ఆదివారం అందరూ శ్రీనులాగే ఆడాలి. వెనకాల నలుగురు డిఫెండర్లున్నారు కదా. తలా ఇరవై. మొత్తం ఎనభై ట్యాకిల్స్. కప్పు మనదే.”

“ఎనభై అంటే...”

“ఎక్కువంటారా?”

“ఎనభై ట్యాకిల్స్ చేసే టీము కప్పు కొట్టదండీ. ఎనిమిది గోల్స్ తింటుంది.”

“అదేంటి?”

“ఏం లేదండీ, ఊరికే అన్నాను. బాబూ, మోపిదేవి దాటామా?”

“ఇంకా రాలేదు సార్.”

“నన్ను చల్లపల్లిలో దింపెయ్ బాబూ. మా చెల్లెలుంటుంది అక్కడ.”

“మీకు చెల్లెలుందని ఎప్పుడూ చెప్పలేదే మాస్టారూ.”

“పిన్ని కూతురండీ.”

“ఇంకోరోజు చూద్దురుగాని. ఎనిమిది గోల్స్ ఎందుకు తింటుందో చెప్పండి.”

“అంటే... మీరు కబడ్డీ ఆడారు కదండీ.”

“ఆడ్డమేంటి. పెదపారుపూడి టీములో ఎడం మూల నాదే. కూతకొచ్చినవాడి మడమ నా చేతికి దొరికిందా, వాడిక గీత దాటలేడు. ఇప్పటికీ బంటుమిల్లి బ్యాంకులో ఒకాయన నన్ను చూస్తే కాళ్లు కుర్చీ కిందకి లాక్కుంటాడు.”

“ఆ కూతకొచ్చేవాడు రాకుండా ఉంటాడాండీ?”

“ఎలా ఉంటాడు? వంతు ప్రకారం రావాల్సిందే. వాడు రాకపోతే ఆటే లేదు.”

“అదండీ సంగతి. కబడ్డీలో వాడు మీ గడిలోకి వచ్చి తీరాలి. కాబట్టి ఎంతమందిని పడితే అంత గొప్ప. ఫుట్‌బాల్‌లో వాడు రావాలని రూలు లేదండీ. వాడు రాకుండా చూడ్డమే మన పని. బంతి పట్టుకుని ఒకడు శ్రీను దాకా వచ్చాడంటే, అప్పటికే మనం ఎక్కడో ఏదో పొరపాటు చేశామన్నమాట.”

“వస్తే ఆపాడుగా.”

“ఇరవై రెండు సార్లు ఆపాడండీ. మూడు సార్లు ఆపలేకపోయాడు.”

“ఎప్పుడు?”

“మనకి మూడు గోల్స్ పడ్డాయి కదండీ.”

“మనం నాలుగు కొట్టాం.”

“కొట్టామండీ. నాలుగోది వాళ్ల గోల్‌కీపర్ చేతుల్లోంచి జారింది. గుడివాడ గోలీ చేతుల్లోంచి జారదు.”

“గుడివాడ సంగతి నాకు చెప్పకండి. ఆ టీముకి ప్రెసిడెంటు మా బావమరిది. ఆదివారం ఓడిపోతే నేను అత్తారింట్లో భోజనానికి కూర్చోలేను. వడ్డిస్తూ వడ్డిస్తూ స్కోరు చెప్తాడు వాడు.”

“అందుకేనండీ, ఆనందరావుని మాత్రం తియ్యొద్దు.”

“మళ్లీ ఆనందరావా?”

“ఇవాళ ఆయన వైపు ఎవరన్నా వచ్చారాండీ?”

“రాలేదు. కాబట్టే ఖాళీగా నిలబడ్డాడు.”

“ఎందుకు రాలేదంటారు?”

“అటు ఎండ కొడుతోందేమో.”

“ఎండ అందరికీ కొట్టిందండీ. ఆనందరావు ఎక్కడ నిలబడతాడో చూడండి ఈసారి. అవతలోడు బంతి అందుకుని తలెత్తేసరికి ఎదురుగా ఈయన ఉంటాడు. వెళ్లడానికి దారి కనిపించదు. వాడింక వెనక్కి ఇచ్చుకుంటాడు, లేదా అటు పక్కకి కొడతాడు. లాక్కోవడానికి అసలు బంతి ఈయన దగ్గరికి వస్తేగా.”

“నడుం మీద చేతులేసుకునే ఇదంతా చేస్తాడా?”

“అది అలవాటండీ. ఆఫీసులో కూడా అలాగే నిలబడతాడంట.”

“ఏ ఆఫీసు?”

“గవర్నమెంటు ఆఫీసేనండీ. రికార్డుల సెక్షను.”

“అయితే అలవాటే. కానీ మాస్టారూ, నాకు నమ్మకం కుదరట్లేదు. పని చేసినవాడికన్నా చెయ్యనివాడు గొప్పంటే ఎలా?”

“మీ చెరువుల సంగతే తీసుకోండి. బంటుమిల్లిలో రెండు రొయ్యల చెరువులున్నాయనుకుందాం. ఒకదాంట్లో పొద్దున ఒక మందు, సాయంత్రం ఒక మందు పోస్తున్నారు. రెండోదాంట్లో ఏమీ పొయ్యట్లేదు, రొయ్య సుబ్బరంగా తిరుగుతోంది. ఏది మంచి చెరువండీ?”

“మందులు పోసేది.”

“అదెలాగండీ?”

“మందుల షాపు నాది కదా.”

“షాపు పక్కన పెట్టండి. చెరువు మీదనుకోండి.”

“చెరువు కూడా నాదే.”

“అప్పుడు?”

“అప్పుడు... రెండోది.”

“ఆనందరావు రెండో చెరువండీ.”

“శ్రీను మొదటిదా?”

“ఆఁ. అంటే...”

“అయితే శ్రీనుకి జబ్బుందంటారు.”

“శ్రీనుకి కాదండీ. శ్రీను చెరువు కాదు. శ్రీను మందు.”

“ఇప్పుడేగా చెరువన్నారు.”

“తప్పు చెప్పానండీ. జబ్బు చెరువుది. మందు శ్రీను. మంచి మందు.”

“ఆగండాగండి. మొదటి మ్యాచ్ గెలిచిన రోజు నేను మైకులో ఏం చెప్పాను?”

“చాలా చెప్పారండీ.”

“ఉద్యోగం సంగతి.”

“టోర్నమెంటు అయ్యేసరికి మన టీములో ఎవరు ఎక్కువ ట్యాకిల్స్ చేస్తే, వాళ్లకి గిలకలదిండి ఐస్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ ఉద్యోగం అన్నారు.”

“అన్నాను. శ్రీనుదే అనుకున్నాను. రేపు పొద్దున ఇంటికి పిలిచి చెప్దామనుకున్నాను. తీరా చూస్తే, వాడి వైపే అన్ని కన్నాలున్నాయంటున్నారు మీరు.”

“నేనలా అన్లేదండీ.”

“కన్నాల వైపు ఉండేవాడికి ఐస్ ఫ్యాక్టరీ అప్పజెబితే ఐసంతా కరిగి రోడ్డెక్కుద్ది. ఉద్యోగం ఆనందరావుకిచ్చేస్తాను.”

“ఆయనకి గవర్నమెంటు ఉద్యోగం ఉందండీ.”

“రాజీనామా చేస్తాడు.”

“చెయ్యడండీ.”

“సూపర్‌వైజరంటే ఎవరు మాస్టారూ? వాడు నిలబడితే అక్కడ ఏమీ జరక్కూడదు. మీరు చెప్పిందే. ఆనందరావు నిలబడితే ఏమీ జరగదు. ఆ రికార్డుల సెక్షన్లో కూడా ఏమీ జరుగుండదు.”

“ప్రెసిడెంట్ గారూ, నా మాట వినండి. నేను ఆనందరావుని టీములో ఉంచమన్నాను. అంతవరకే. శ్రీను ఉద్యోగం జోలికి వెళ్లకండి. సోమవారం ఆ కుర్రాడు బోటెక్కాలి.”

“తెలుసు. ఆదివారంతో చేపల వేట నిషేధం అయిపోద్ది. రెండు నెలలు బోట్లన్నీ కట్టేసుంటాయి, కుర్రాళ్లు ఖాళీగా ఉంటారనే కదా ఎండాకాలంలో టోర్నమెంటు పెట్టింది.”

“ఒకసారి ఎక్కితే మళ్లీ పది పన్నెండు రోజులు సముద్రంలోనేనండీ.”

“వాళ్ల నాన్న సూరయ్య ఎక్కలేదా? వాళ్ల తాత ఎక్కలేదా?”

“పాప ఏడుస్తుంది నాన్నా.”

“ఏ పాపరా?”

“శ్రీనన్న వాళ్ల పాప. సముద్రం మీంచి వచ్చిన ప్రతిసారీ ఎవరో కొత్తమనిషనుకుని ఏడ్చేసేదంట. క్రిస్టినా వదిన చంక దిగేది కాదంట. దగ్గరికి రానిచ్చేలోపు మళ్లీ బోటెక్కే రోజు వచ్చేసేది. ఈ రెండు నెలలూ ఇంట్లో ఉండబట్టి అలవాటైంది. మొన్న మీసం పట్టుకుని నిద్రపోయిందంట.”

“నీకెవరు చెప్పారు?”

“శ్రీనన్నే. టీములో అందరికీ చెప్పాడు. మీసం కూడా చూపించాడు.”

“అన్నంట, వదినంట. నువ్వు రోడ్డు చూడు.”

“చూస్తున్నాను నాన్నా.”

“సరే మాస్టారూ. ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది చెప్పండి. మందు శ్రీను, జబ్బు చెరువుది అన్నారు. జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది?”

“చల్లపల్లి వచ్చిందా బాబూ?”

“ఇప్పుడే మోపిదేవి దాటాం సార్.”

“ఎక్కణ్ణుంచి వచ్చింది మాస్టారూ?”

“డిఫెన్సంటే ఒక్కళ్లు చేసేది కాదండీ. గోలీకి ముందు నలుగురుంటారు. ఆ నలుగురికి ముందు ఇంకో ముగ్గురుంటారు, వాళ్లని మిడ్‌ఫీల్డర్లంటారు. ముందువాళ్లు అడ్డం పడితే వెనకవాళ్లకి పనుండదు. ముందువాళ్లు ఏదన్నా కారణం వల్ల... కొంచెం పక్కకి జరిగితే, వెనకవాళ్లకి పని పెరుగుద్ది.”

“ఆనందరావుకి ముందు ఎవరు?”

“అభినవ్ అండీ. రైసుమిల్లు వాళ్లబ్బాయి. బాగా అడ్డం పడతాడు.”

“శ్రీనుకి ముందు?”

“గాలి కూడా చూసుకోవాలండీ. ఈ దివిసీమలో సాయంత్రమయ్యేసరికి సముద్రం గాలి తిరిగి, బంతి...”

“గాలి కాదు. మనిషి.”

“మారుతూ ఉంటారండీ.”

“పేరు చెప్పండి.”

“జెర్సీ నంబరు ఎనిమిదండీ.”

“ఎనిమిదెవరు?”

“నాన్నా, గేదెలు.”

“హారన్ కొట్టు. ఎనిమిదెవరు మాస్టారూ?”

“మీకు తెలిసిన అబ్బాయేనండీ.”

“నాకు తెలిసినవాడా?”

“మంచి కుటుంబం.”

“ఎవరి కుటుంబం?”

“కారు కూడా బాగా నడుపుతాడండీ.”

“...ఆదిత్యా, పక్కకి ఆపు.”

“గేదెలు వెళ్లనీ నాన్నా.”

“సరే ఆపకు. నడుపుతూనే చెప్పు. ఎనిమిది నువ్వా?”

“వీపు మీద ఇంత పెద్దగా ఉంటుంది కదా నాన్నా. రెండు నెలల్నుంచి అదే వేసుకుంటున్నాను.”

“నేను మిషను చూస్తున్నానురా. మాస్టారూ, కన్నం మా వాడా?”

“కన్నమంటే బాగోదండీ. ఖాళీ.”

“ఎంత ఖాళీ?”

“లారీ పడుద్దండీ.”

“మరి వీణ్ణి ఎందుకు తీసెయ్యలేదు?”

“మీరు ప్రెసిడెంటండీ.”

“అదొక కారణమా?”

“అంతకన్నా పెద్ద కారణం నాకు దొరకలేదండీ.”

“ఏరా, బద్ధకమా? చేతకాదా?”

“చేతకాకపోవడం కాదండీ. అదే నాకూ అర్థం కావట్లేదు. మొదటి మ్యాచ్‌లో ఈ బాబు గోడండీ, గోడ. అటు నుంచి ఒక్కణ్ణి రానివ్వలేదు. శ్రీనుకి పనే లేదు ఆ రోజు. రెండో మ్యాచ్ నుంచి ఏమైందో, అవతలోడు బంతి తీసుకుని రాగానే పక్కకి జరుగుతాడు. దణ్ణం పెట్టి దారిచ్చినట్టు ఇస్తాడు.”

“దణ్ణం పెట్టలేదు సార్.”

“పెట్టినట్టే ఉంది బాబూ. ఇంకో సంగతండీ. ఇవాళ గుడివాడ వాళ్లు ముగ్గురు వచ్చి అటు పక్కనే కూర్చున్నారు. మ్యాచంతా ఫోన్లో వీడియో తీసుకున్నారు. ఆ ఖాళీ చూడకుండా ఉండరు. ఆదివారం అందరూ అటే వస్తారు. ఇరవై రెండు కాదు, నలభై వచ్చినా శ్రీను ఒక్కడూ ఆపలేడు.”

“ఆదిత్యా.”

“నాన్నా.”

“ఈ మధ్య గుడివాడ మావయ్యతో మాట్లాడావా?”

“మాట్లాడాను.”

“ఎప్పుడు?”

“పుట్టినరోజు నాడు.”

“వాడి పుట్టినరోజు మాఘమాసంలో కదా. ఎవరి పుట్టినరోజు?”

“మీది నాన్నా. మీరు ఎత్తట్లేదని నాకు చేశాడు.”

“మన టీము గురించి ఏమన్నా అడిగాడా?”

“మీకు షుగరెంతుందని అడిగాడు.”

“చెప్పావా?”

“చెప్పాను.”

“అది చెప్తావు. సరే, మావయ్య కాదు. మాస్టారూ, రెండో మ్యాచ్ నుంచి అన్నారు కదా. మొదటి మ్యాచ్‌కీ రెండో మ్యాచ్‌కీ మధ్యలో ఏం జరిగింది?”

“ఏమీ జరగలేదండీ.”

“ఆలోచించండి. వీడికి దెబ్బ తగిలిందా? ఎవరితోనన్నా గొడవయిందా?”

“లేదండీ. అందరూ సంతోషంగానే ఉన్నారు. గెలిచాం. బిర్యానీ పెట్టించారు. తర్వాత మీరు మైకు తీసుకున్నారు. అంతే.”

“నేనేమన్నాను?”

“అదే కదండీ ఇందాక చెప్పింది. ఎక్కువ ట్యాకిల్స్ చేసినవాళ్లకి ఉద్యోగం...”

“ఆదిత్యా.”

“ఊఁ.”

“కావాలనే తప్పుకుంటున్నావా?”

“పూర్తిగా కాదు నాన్నా.”

“ఎంత?”

“లారీ పట్టేంత.”

“ఎందుకురా?”

“మొదటి మ్యాచ్‌లో శ్రీనన్నకి రెండే వచ్చాయి. నేను ముందు అడ్డం ఉన్నాను కాబట్టి. అభినవ్‌కి ఏడొచ్చాయి. అలాగే ఆడితే ఉద్యోగం అభినవ్‌దే అయ్యేది. వాళ్లకి రెండు మిల్లులున్నాయి నాన్నా, ఐస్ ఫ్యాక్టరీలో వాడేం చేస్తాడు? నేను సరిగ్గా ఆడితే శ్రీనన్నకి లెక్క రాదు. లెక్క రాకపోతే ఉద్యోగం రాదు.”

“అందుకని వాళ్లని వదిలేశావు.”

“నేను వదిలేసిన ప్రతివాణ్ణీ ఆయన ఆపాడు.”

“ముగ్గుర్ని తప్ప.”

“ఆ ముగ్గురు చాలా స్పీడుగా వచ్చారు నాన్నా.”

“ఇది శ్రీనుకి తెలుసా?”

“తెలీదు. తెలిస్తే ఒప్పుకోడు. ప్రతి మ్యాచ్ అయ్యాక తిడతాడు నన్ను. నా ప్రాణం తీస్తున్నావురా, ఎక్కడికి పోతావురా మధ్యలో అని. ఇవాళ మోకాలు చూపించి మరీ తిట్టాడు.”

“నువ్వేమన్నావు?”

“రేపట్నుంచి చూసుకుంటానన్నా అన్నాను.”

“బాబూ, నీ కోసం నేను ప్రాక్టీసు మొత్తం మార్చానయ్యా. అయిదు గంటలకి గ్రౌండుకొచ్చి నీ ఒక్కడికోసం, ఎక్కడ నిలబడాలో గుర్తుగా, కోన్లు పెట్టాను.”

“సారీ సార్. కోన్ల మధ్య సరిగ్గానే నిలబడ్డాను కదా.”

“నిలబడ్డావు. అందుకే నాకు పిచ్చెక్కింది. కళ్ల పరీక్ష కూడా చేయించుకున్నాను.”

“ఏమన్నారు సార్?”

“బాగానే ఉన్నాయన్నారు.”

“ఇద్దరూ కాసేపు మాట్లాడకండి. నన్ను ఆలోచించుకోనివ్వండి.”

“చల్లపల్లి వచ్చిందేమో చూడు బాబూ.”

“దాటిపోయింది సార్.”

“దాటిపోయిందా.”

“గేదెలప్పుడే దాటిపోయింది సార్. మీరు ఎనిమిదో నంబరు గురించి చెప్తున్నారు.”

“సరే మాస్టారూ. నాకు అర్థమైంది. పూర్తిగా అర్థమైంది.”

“ఏం అర్థమైందండీ?”

“ఆదివారం వీడు గోడలా నిలబడతాడు. ఏరా?”

“నిలబడతాను. ఉద్యోగం శ్రీనన్నదేనా నాన్నా?”

“అక్కడికే వస్తున్నాను. ట్యాకిల్స్ ఎక్కువుంటే డిఫెన్సులో ఏదో తేడా ఉన్నట్టు. తక్కువుంటే బాగున్నట్టు. అంతేనా మాస్టారూ?”

“అంతే... చాలావరకు అంతేనండీ.”

“అసలు లేకపోతే ఇంకా బాగున్నట్టు.”

“ఒక్కోసారి అలా కూడా...”

“చాలు. ఇన్నాళ్లూ తిరగేసి లెక్కపెట్టాను. మీరు చెప్పేదాకా ఎవరూ చెప్పలేదు. ఆ ఇరవై రెండులో సగం మా వాడు దానం చేసినవి, కాబట్టి అవి చెల్లవు. కానీ పాపకి మీసం కావాలి. శ్రీనుకి ఒక అవకాశం ఇస్తాను. ఆదివారం మ్యాచ్ అయ్యేసరికి ఈ మిషను మీద వాడి లెక్క సున్నా ఉండాలి. ఉంటే సోమవారం ఫ్యాక్టరీకి రమ్మను. ఒక్కటి పడిందా, బోటెక్కడమే.”

“అలా కాదండీ ప్రెసిడెంట్ గారూ.”

“మీరు చెప్పిందేగా.”

“నేను చెప్పింది వేరండీ. సున్నా అనేది బాగా ఆడితే దానంతటది రావాలి. దాని కోసమని ఆడకూడదు.”

“వచ్చినా, తెప్పించినా సున్నా సున్నానే.”

“పోనీ ఒక పని చేద్దామండీ. మీ మనసులో పెట్టుకోండి. శ్రీనుకి మాత్రం చెప్పకండి. ఆడనిద్దాం, అయ్యాక చూద్దాం.”

“చెప్పకుండా ఎలా? ఆట మొదలవకముందే రూలు చెప్పాలి. వెనక నుంచి మార్చేసే రకం కాదు నేను. ఆదిత్యా, శ్రీనుకి ఫోన్ కలుపు. స్పీకర్లో పెట్టు.”

“రేపు చేద్దాం నాన్నా. బస్సులో నిద్రపోతుంటాడు.”

“కలుపు.”

“హలో. ఒరే ఆదిత్యా, ఎక్కడున్నార్రా? మా బస్సు ఇంకా మోపిదేవిలోనే చచ్చింది. నా మోకాలు చూశావా, కొబ్బరికాయంత అయ్యింది. ఆదివారం కూడా నువ్వలాగే పోతే ఈసారి నిన్నే ట్యాకిల్ చేస్తాను, చెప్తున్నా.”

“శ్రీనన్నా, నాన్న ఉన్నారు ఫోన్లో.”

“...నమస్కారమండీ.”

“శ్రీనూ, ఐస్ ఫ్యాక్టరీ ఉద్యోగం గురించి.”

“చెప్పండి.”

“రూలు మారింది.”

“మారిందాండీ.”

“ఆదివారం గుడివాడ మీద నీ ట్యాకిల్స్ సున్నా ఉండాలి.”

“ఇవాళ ఇరవై రెండన్నారండీ. చాల్లేదాండీ?”

“ఎక్కువైపోయాయి.”

“ఎక్కువైపోయాయాండీ.”

“సున్నా ఉంటే సోమవారం నుంచి నువ్వు ఐస్ ఫ్యాక్టరీ సూపర్‌వైజరువి. ఒక్కటున్నా బోటెక్కెయ్.”

“ఒక్కటి కూడా వద్దాండీ?”

“ఒక్కటి కూడా.”

“శ్రీనూ, నేను, ప్రభాకర్ మాస్టార్ని. జాగ్రత్తగా విను. ప్రెసిడెంట్ గారి ఉద్దేశమేంటంటే, ఆదివారం నీ ముందు ఆదిత్య అడ్డం ఉంటాడు. నువ్వు వెనకాల సరైన చోట చూసుకుని నిలబడితే, అవతలోడికి దారి కనపడదు, వాడు...”

“మాస్టారూ, మళ్లీ చెరువులూ మందులూ మొదలెట్టకండి. కుర్రాడు కంగారు పడతాడు. సూటిగా చెప్తేనే ఎవరికైనా ఎక్కుద్ది. శ్రీనూ, అర్థమైందా?”

“అర్థమైందండీ. క్రిస్టినాకి చెప్పుకోవచ్చాండీ?”

“చెప్పుకో. పాపని కూడా మ్యాచ్‌కి తీసుకురమ్మను.”

“అలాగేనండి.”

“ఎలా చేస్తావో ఒకసారి మాస్టారికి చెప్పు. ఆయన భయపడుతున్నారు.”

“అదేమంత పనండీ. ఎవడు బంతి తీసుకుని వచ్చినా, పక్కకి జరిగి దారిచ్చేస్తాను.”